షెల్టర్ నుంచి కుక్కను దత్తత తెచ్చుకోవడం ఎలా?

ఇంట్లో కుక్కను పెంచుకోవాలని అనుకోగానే చాలామంది ఏ జాతిదైతే బాగుంటుందని నలుగురినీ విచారిస్తారు. లాబ్రడార్ అని ఒకరు, షిట్జూ అని ఒకరు, కాపలాకైతే రాట్‌వైలర్ అని మరొకరు చెబుతారు. ఆ తరువాత ఫోన్‌లో ప్రకటనలు చూసి, అడ్వాన్సు పంపి, నెలన్నర కూడా నిండని పిల్లను అట్టపెట్టెలో ఇంటికి తెప్పించుకుంటారు. ఆ కుక్క పెద్దయ్యాక ఎలాంటి స్వభావంతో ఉంటుందన్న ప్రశ్న ఈ వ్యవహారంలో ఎక్కడా తలెత్తదు. తలెత్తినా, ఆ వయసు పిల్లను చూసి జవాబు చెప్పగలవారు లేరు. దిక్కులేని కుక్కలకు ఆశ్రయమిచ్చే షెల్టర్ నుంచి తెచ్చుకోవడంలో ఉన్న పెద్ద మేలు ఇక్కడే కనిపిస్తుంది. అక్కడ రెండేళ్లవి, మూడేళ్లవి, ఐదేళ్లవి ఉంటాయి. అవి ఎంత ఎత్తు పెరిగాయో కళ్లెదుటే ఉంటుంది. పిల్లల దగ్గర ఎలా మసలుకుంటాయో, ఒంటరిగా ఉంచితే ఏం చేస్తాయో రోజూ చూస్తున్న మనుషులు పక్కనే ఉంటారు. అందుకే దత్తత తీసుకోదలచినవారికి నేను చెప్పేది ఒక్కటే: పిల్ల కోసం పట్టుబట్టకండి, పెరిగిన కుక్కను నిదానంగా చూసి, తెలుసుకుని ఎంచుకోండి. ఈ వ్యాసమంతా ఆ ఎంపిక ఎలా చేయాలో, ఆ తరువాతి రోజులు ఎలా గడపాలో చెప్పడానికే.

కొనడానికే మొగ్గుచూపుతున్నవారు ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 కింద కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల పెంపకానికి, అమ్మకానికి ప్రత్యేకంగా నియమావళి తెచ్చింది. దాని ప్రకారం బ్రీడర్, అంటే కుక్కలను ఈనించి పిల్లలను అమ్మే వ్యక్తి, రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కనూ, ఎనిమిదేళ్లు దాటినదాన్నీ జత కట్టించకూడదు. ఒక కుక్క చేత జీవితకాలంలో ఐదు ఈతలకు మించి ఈనించకూడదు. మీకు పిల్లను అమ్ముతానన్న మనిషిని ఆ నమోదు పత్రం చూపమనండి, తల్లి కుక్క ఉన్న చోటికి తీసుకువెళ్లమనండి. తల్లిని చూపకుండా ఏదో ఒక సాకు చెప్పేవారి దగ్గర ఆ పూటే మాట ముగించడం మేలు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రాలున్నాయని కొందరు గట్టిగా చెబుతారు. ఆ పత్రాలు కుక్క ఏ వంశానిదో చెబుతాయి తప్ప దాని తుంటి కీళ్లు ఎలా ఉన్నాయో, గుండె ఎలా ఉందో చెప్పవు.

జాతి కుక్క మీద మోజు మన ఊళ్లలో ఎలా పుడుతుందో గమనిస్తే బాధ కలుగుతుంది. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనల్లో చిన్న పగ్ కుక్క కనిపించాక దేశమంతటా పగ్‌లకు గిరాకీ పెరిగింది. అణగిన ముక్కుతో పుట్టే ఆ కుక్క మామూలు రోజుల్లోనే గురకపెడుతూ ఊపిరి తీస్తుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల ఎండలో అది పడే యాతన చూడలేం. మంచు ప్రాంతాల్లో బండ్లు లాగడానికి పుట్టిన హస్కీని అపార్ట్‌మెంట్‌లో ఏసీ గదికే పరిమితం చేసి పెంచుతున్నవారూ ఉన్నారు. మోజు తీరాక, లేదా వైద్యం ఖర్చు భరించలేక, వీటిలో కొన్నింటిని యజమానులే తెచ్చి షెల్టర్ గేటు దగ్గర వదిలిపోతారు. కాబట్టి జాతి కుక్కే కావాలనుకునేవారికి కూడా వెతకడానికి మొదటి చోటు షెల్టరే. అయితే మన ఎండకు, మన వానకు తట్టుకునే పొట్టి వెంట్రుకల దేశవాళీ కుక్క, అంటే మనం ఊరకుక్క అని తేలిగ్గా తీసిపారేసేదే, సాధారణ కుటుంబానికి బాగా సరిపోతుందని నా గట్టి నమ్మకం. మధ్యస్థమైన ఎత్తు, చురుకు, తక్కువ తిండితో నిలదొక్కుకునే ఒళ్లు దానివి.

ముందు ఇంటిని చక్కబెట్టుకోండి

షెల్టర్‌కు బయలుదేరే ముందు ఇంట్లోవారంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. పిల్లలు అడిగారని తండ్రి ఒప్పుకుని, పనంతా తల్లి మీద పడే ఇళ్లలో కుక్క తిరిగి షెల్టర్‌కు వెళ్లడం తరచుగా జరుగుతుంది. ఉదయం బయటికి తిప్పేది ఎవరు, మధ్యాహ్నం ఇంట్లో ఉండేది ఎవరు, సంక్రాంతికి ఊరెళ్తే చూసేది ఎవరు అన్నవి పేర్లతో సహా తేలాలి. నాయనమ్మకో అత్తగారికో మడి, పూజ పట్టింపు ఉంటే దాన్ని తేలిక చేయకుండా వారితోనే మాట్లాడాలి. పూజగది, వంటగది వైపు కుక్క వెళ్లకుండా చిన్న చెక్క గేటు పెట్టిస్తామని ముందే చెబితే చాలా ఇళ్లలో అభ్యంతరం అక్కడితో సడలుతుంది. పెద్దవారి ఇష్టానికి విరుద్ధంగా తెచ్చిన కుక్క రోజంతా విసుగు మాటల మధ్య బతకవలసి వస్తుంది. ఆ స్థితి దానికీ మంచిది కాదు, వారికీ కాదు.

అద్దె ఇంట్లో ఉంటే యజమాని అనుమతి నోటిమాటగా కాక అగ్రిమెంటులోనే రాయించుకోండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల విషయంలో భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది: పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదు, లిఫ్టు వాడకూడదని కట్టడి చేయడమూ చెల్లదు. అయినా చట్టం మన పక్కన ఉందని గొడవకు దిగడం కన్నా, కుక్క వేసిన మలాన్ని ఎప్పటికప్పుడు ఎత్తివేస్తూ, లిఫ్టులో భయపడేవారుంటే తరువాతి విడత వరకు ఆగుతూ ఉంటే ఇరుగుపొరుగు త్వరలోనే అలవాటు పడతారు.

ఒకటి రెండేళ్లలో విదేశాలకు వెళ్లే ఆలోచన ఉన్నవారు మరింత ఆలోచించాలి. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నియమాలు అమలులోకి తెచ్చింది. ఆరు నెలలు నిండని కుక్కను ఆ దేశంలోకి రానివ్వరు, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) తప్పనిసరి. రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారత్ ఉంది కనుక ఇక్కడి నుంచి తీసుకువెళ్లేవారికి టీకా ధ్రువపత్రాలు, రక్త పరీక్ష వంటి ఏర్పాట్లు నెలల ముందే మొదలుకావాలి. వీసా వచ్చాక కుక్కను ఏం చేయాలో తోచక చుట్టాలింట్లో దింపిపోయే కుటుంబాలు హైదరాబాద్‌లో తక్కువేమీ లేవు. వెళ్లడం ఖాయమైతే, దత్తతను అక్కడికి చేరాక తలపెట్టండి. అమెరికాలో చాలాచోట్ల షెల్టర్లు ఉంటాయి.

ఎక్కడ వెతకాలి

హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఉంది. విశాఖపట్నంలో విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ ఆనిమల్స్ మూడు దశాబ్దాలుగా పనిచేస్తోంది. పీపుల్ ఫర్ ఆనిమల్స్ శాఖలు దేశంలో పలుచోట్ల ఉన్నాయి. ఇవి కాక ప్రతి పెద్ద ఊళ్లోనూ గాయపడిన కుక్కలను తమ ఇళ్లలోనే సాకుతూ, కోలుకున్నాక మంచి ఇల్లు వెతికే వ్యక్తులు ఉంటారు; ప్రభుత్వ పశువైద్యశాలలో అడిగితే వారి జాడ తెలుస్తుంది. జీహెచ్ఎంసీ 2025 ఆగస్టులో బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అటువంటి మేళాలకు వెళ్లండి, చూడండి, కానీ చూసిన ఉత్సాహంలో అక్కడికక్కడే పిల్లను చంకన పెట్టుకుని రాకండి.

మీ వీధిలోనే రోజూ తిండి పెడుతున్న కుక్కను ఇంట్లోకి తెచ్చుకోవాలనుకుంటే అదీ దత్తతే. వీధి కుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో, జంతుప్రేమికులు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకుని వీధి కుక్కను దత్తత తీసుకోవచ్చనీ, ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేననీ స్పష్టంగా చెప్పింది. అంటే రాత్రి ఇంట్లో పడుకోబెట్టి పగలంతా వీధిలో వదిలే పద్ధతిని దత్తత అనరు. ఒక ముఖ్యమైన జాగ్రత్త: తల్లి పాలు తాగుతున్న పిల్లను జాలితో ఎత్తుకురావద్దు. ఎనిమిది వారాల లోపు తల్లి నుంచీ తోబుట్టువుల నుంచీ విడిపోయిన పిల్లకు, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో నేర్చుకునే అవకాశం పోతుంది.

షెల్టర్‌లో కుక్కను చూడడం

షెల్టర్‌లోకి అడుగుపెట్టగానే వినిపించే మొరుగుడు కొత్తవారిని బెదరగొడుతుంది. ఒకటి మొదలుపెడితే యాభై అందుకుంటాయి. కటకటాల వెనుక నుంచి ఊచల మీదికి దూకుతూ మొరిగే కుక్క బయటికి తీయగానే ఒదిగిపోవచ్చు. మూలన కదలకుండా పడుకున్నది నెమ్మదిగల కుక్క అనిపించవచ్చు, నిజానికి అది భయంతో బిగుసుకుపోయి ఉండవచ్చు. అందువల్ల బోనులో ఉన్న కుక్కను చూసి ఏ నిర్ణయానికీ రాకండి. నచ్చిన రెండు మూడింటిని ఒక్కొక్కటిగా బయటి ఆవరణలోకి తెప్పించమని అడగండి.

అది బయటికి వచ్చాక మీరు దాని దగ్గరికి వెళ్లవద్దు. నేల మీదనో అరుగు మీదనో పక్కకు తిరిగి కూర్చోండి, కళ్లలోకి తేరిపార చూడకండి, చేతులు ఒడిలో పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు అది నేలంతా వాసన చూస్తూ తిరుగుతుంది, గోడ మూలల్లో మూత్రం పోస్తుంది, మిమ్మల్ని పట్టించుకోదు. ఆ తరువాత ఒకసారి వెనుక నుంచి వచ్చి మీ మోచేతి దగ్గర వాసన చూసి వెంటనే తప్పుకుంటుంది. మళ్లీ వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు దాని తోక ఎక్కడుందో చూడండి: పొట్ట కిందికి ముడుచుకుని ఉంటే ఇంకా భయం పోలేదని, వెన్నుకు సమానంగా ఉండి నెమ్మదిగా ఊగుతుంటే తేలికపడిందని, నిటారుగా లేచి కర్రలా బిగిసి కొస మాత్రమే కదులుతుంటే జాగ్రత్తపడాలని అర్థం. తోక ఊపిన ప్రతి కుక్కా స్నేహానికి వచ్చినట్టు కాదు. చెవులు వెనక్కి అతుక్కుపోవడం, పెదవులు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం ఇవన్నీ ఇబ్బందిపడుతున్నదనడానికి గుర్తులు. ఇబ్బందిపడడం తప్పేమీ కాదు. అరగంటలో ఆ ఇబ్బంది తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే చూడవలసినది.

దానంతట అది దగ్గరికి వచ్చి నిలబడ్డాక, ఉడికించిన చికెన్ ముక్కను అరచేతిలో పెట్టి చూపండి. ఉప్పు కారం లేకుండా ఇంటి దగ్గరే ఉడికించి తీసుకువెళ్లవచ్చు. సుతారంగా తీసుకుంటుందా, వేళ్లతో సహా అందుకుంటుందా గమనించండి. నెమ్మదిగా మెడ పక్కన నిమరండి, తల మీద నుంచి చెయ్యి దించకండి. నిమిరి ఆపి చూడండి. మళ్లీ నిమరమని ఒరిగితే అది మనిషి స్పర్శను కోరుకునే కుక్క. ఈ పనంతా మీతో ఉన్న సంరక్షకుడి సలహా ప్రకారమే చేయాలి. తింటున్న గిన్నెను లాగి చూడడం, గట్టిగా అరిచి పరీక్షించడం వంటివి చేయకూడదు. వాటివల్ల తెలిసేది లేదు, కరిపించుకోవడం మాత్రం జరగవచ్చు.

ఆఫీసు గదిలో కూర్చున్నవారి కన్నా రోజూ బోనులు కడిగి తిండి పెట్టే మనిషి చెప్పే మాటకు విలువ ఇవ్వండి. ఇది ఎక్కడ దొరికింది, ఎన్నాళ్లుగా ఉంది, పక్క కుక్కలతో కొట్లాడుతుందా, ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా, ఇంతకుముందు ఎవరైనా తీసుకువెళ్లి తిరిగి ఇచ్చారా, ఇస్తే ఏమని ఇచ్చారు అని అడగండి. తిరిగి వచ్చిన కుక్క చెడ్డదని అనుకోనక్కరలేదు. ఇల్లు మారడమో, బిడ్డ పుట్టడమో కారణమై ఉండవచ్చు. కానీ కారణం మీకు తెలిసి ఉండాలి. షెల్టర్‌లో ఈ మధ్య పార్వో, డిస్టెంపర్ అనే అంటు వైరస్ జబ్బులు వచ్చాయా అని కూడా మొహమాటపడకుండా అడగండి. పిల్లను తీసుకుంటున్నవారికి ఈ ప్రశ్న ప్రాణావసరం.

ఒక్కసారి చూసి తేల్చుకోకుండా మరో రోజు, మరో వేళకు మళ్లీ వెళ్లండి. రెండోసారి పిల్లలను, పెద్దవారిని వెంటబెట్టుకు వెళ్లండి. చూడడానికి అందంగా ఉన్న కుక్కల కోసం అందరూ పోటీపడతారు. నల్ల కుక్క, చెవి కొస తెగిన కుక్క, మూతి నెరిసిన కుక్క ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. చెవి కొస తెగి ఉండడం గాయం కాదు, సంతాన నియంత్రణ ఆపరేషన్ అయిందని తెలియడానికి పెట్టే గుర్తు. ఆరేడేళ్ల కుక్కను తీసుకువెళ్లడానికి వెనుకాడేవారికి ఒక మాట: దేశవాళీ కుక్క ఇంటి పట్టున పన్నెండేళ్లు దాటి బతకడం మామూలే, పైగా ఆ వయసు కుక్క చెప్పులు కొరకదు, రాత్రంతా ఏడవదు. రిటైరైన దంపతులకు అంతకన్నా తగిన తోడు దొరకదు.

కాగితాలు

మంచి షెల్టర్ మిమ్మల్ని ప్రశ్నలతో విసిగిస్తుంది. చిరునామా రుజువు అడుగుతారు, ఇల్లు చూడడానికి వస్తారు, బాల్కనీకి గ్రిల్ ఉందా అని చూస్తారు, కొన్ని నెలల పాటు ఫొటోలు పంపమంటారు. దీన్ని అవమానంగా తీసుకోకండి. అమ్ముకునేవాడు అడగని ప్రశ్నలు వీరు అడుగుతున్నారంటే కుక్క ఏమవుతుందోనన్న పట్టింపు ఉన్నట్టే. టీకాల కార్డు, ఆపరేషన్ వివరాలు, చేయించిన చికిత్సలు రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లకు ఇంకా ఆపరేషన్ కాకపోతే తగిన వయసులో చేయించే పూచీ మీ మీద ఉంటుంది. కుక్క మీ ఇంట్లో ఇమడకపోతే తిరిగి తీసుకుంటామన్న షరతు ఒప్పందంలో ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించండి.

ఇంటికి తెచ్చిన రోజు, ఆ తరువాత

తెచ్చే రోజు సెలవు రోజు ముందు సాయంత్రం కాకుండా, వరుసగా మూడు నాలుగు రోజులు ఇంట్లో ఎవరో ఒకరు ఉండే వారంలో మొదటి రోజు ఉదయం అయితే బాగుంటుంది. కారులోనే తీసుకురండి. ఆటోకు పక్కలు తెరిచి ఉంటాయి. హారన్ మోతకు బెదిరిన కుక్క దూకితే మళ్లీ దొరకదు. మెడపట్టీ ఒక్కటే నమ్ముకోవద్దు, భయపడ్డ కుక్క వెనక్కి గుంజి తల తప్పించుకోగలదు. ఛాతీకి కట్టే హార్నెస్ ఒకటి, మెడపట్టీ ఒకటి, రెండింటికీ విడివిడిగా తాడు ఉండాలి. దత్తత వెళ్లిన కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి వారంలోనే. వీధి తలుపు బార్లా తీసి ఉంచే అలవాటున్న ఇళ్లలో ఈ వారం రోజులూ అందరూ జాగ్రత్తగా ఉండాలి. పాలవాడికి, పనిమనిషికి కూడా చెప్పి ఉంచండి.

ఇంట్లోకి రాగానే స్నానం చేయించాలని చాలామంది ఆత్రపడతారు. ఆపండి. తడిగుడ్డతో తుడిస్తే ఆ రోజుకు చాలు. ఒక మూలన పాత దుప్పటి, నీళ్ల గిన్నె పెట్టి దాన్ని అక్కడ వదిలేయండి. బోనులోనో వీధిలోనో పెరిగిన కుక్కకు మన ఇల్లు వింత లోకం: పాలరాతి నేల మీద కాళ్లు జారతాయి, తల మీద ఫ్యాన్ తిరుగుతుంటుంది, మిక్సీ మోగుతుంది. కుక్కర్ మొదటి విజిల్‌కే కొన్ని మంచం కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రావు. వాటిని లాగకండి, మంచం దగ్గర వంగి బుజ్జగించకండి. మీ పని మీరు చేసుకుంటూ, అటుగా వెళ్లినప్పుడల్లా చిన్న చికెన్ ముక్క అక్కడ పడేసి వెళ్లండి. చుట్టాలను, పిల్లల స్నేహితులను వారం పాటు రావద్దని చెప్పండి.

కుక్కలను సాకేవారు సాధారణంగా మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు భయం, అయోమయం. మూడు వారాలకు ఇంటి వేళలు తెలుస్తాయి. మూడు నెలలకు ఇది నా ఇల్లు అన్న భావన కుదురుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కొన్నింటికి ఏడాది పడుతుంది. కానీ ఈ లెక్క తెలిసి ఉండడం వల్ల పెద్ద ఉపయోగం ఒకటుంది. మొదటి వారం ఎంతో అణకువగా ఉన్న కుక్క మూడో వారంలో మొరగడం, గుర్రుమనడం మొదలుపెడితే అది పాడైపోయిందని కంగారుపడకుండా, బెరుకు తగ్గి తన అసలు తీరు చూపిస్తోందని గ్రహిస్తారు. గుర్రుమన్నందుకు కొట్టడం మాత్రం పెద్ద పొరపాటు. గుర్రుమనడం ఆగమని చెప్పే హెచ్చరిక. హెచ్చరించినందుకు దెబ్బలు తిన్న కుక్క తరువాత హెచ్చరించకుండానే కరుస్తుంది. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు దాని జోలికి వెళ్లకూడదని పిల్లలకు చెప్పండి, చెప్పి ఊరుకోకుండా పక్కనే ఉండండి. ఐదారేళ్ల లోపు పిల్లలను కుక్కతో ఒంటరిగా ఎప్పుడూ వదలకూడదు, అది ఎంత నెమ్మదైనది అయినా సరే.

మూత్రం విషయంలో ఓపిక పట్టాలి. నిద్ర లేవగానే, తిన్న తరువాత, ఆడిన తరువాత, పడుకునే ముందు బయటికి తీసుకువెళ్లి, పని కానిచ్చిన వెంటనే అక్కడే మెచ్చుకోలుగా ఏదైనా పెట్టండి. ఇంట్లో పోస్తే ముక్కు పట్టి అందులో రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం వల్ల మీరు చూడకుండా పోయడం ఒక్కటే నేర్చుకుంటుంది. ఒంటరిగా ఉండడం కూడా మొదటి రోజు నుంచే నేర్పాలి: తలుపు వేసి రెండు నిమిషాలు బయట నిలబడి రండి, తరువాత పది నిమిషాలు, తరువాత కూరగాయలకు వెళ్లివచ్చేంత సేపు. వారమంతా అంటిపెట్టుకుని ఉండి, సోమవారం ఒక్కసారిగా తొమ్మిది గంటలు తాళం వేసి వెళ్తే అది తలుపు గీకి, ఏడ్చి, ఇరుగుపొరుగును లేపడంలో వింత లేదు.

వైద్యం, తిండి

మూడు నాలుగు రోజుల్లోపు పశువైద్యుడికి చూపండి. మన రాష్ట్రాల్లో కుక్కలను ఎక్కువగా పీడించేది గోమార్లు, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం. తిండి మానేయడం, మందకొడిగా పడి ఉండడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం దాని లక్షణాలు. పైకి ఏ లక్షణమూ లేకుండా నెలల పాటు లోపలే ఉండడమూ కద్దు. కాబట్టి కుక్క హుషారుగా కనిపించినా ఒకసారి రక్త పరీక్ష చేయించండి, నులిపురుగులకు మలపరీక్ష చేయించండి. వీధి నుంచి వచ్చిన కుక్కల్లో జత కట్టడం ద్వారా అంటుకునే జననాంగ కణితి ఒకటి తరచుగా కనిపిస్తుంది. రక్తం చుక్కలుగా పడుతుంటే అశ్రద్ధ చేయవద్దు, అది చాలావరకు కీమోథెరపీ ఇంజెక్షన్లతో పూర్తిగా నయమయ్యే జబ్బు. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి పెద్ద ఆసరా.

పిల్లకైతే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలై, పదహారు వారాలు నిండేవరకు రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో మళ్లీ పడాలి. మూడు నెలలకు రేబిస్ టీకా పడాలి. ఈ టీకాలు పూర్తయ్యేలోపు దాన్ని ఇతర కుక్కలు తిరిగే వీధిలో నేల మీద దించవద్దు. ఇంట్లో ముందే ఒక కుక్క ఉంటే కొత్తదాన్ని రెండు వారాలు వేరే గదిలో ఉంచి, ఆ తరువాత రెండింటినీ ఇంటి బయట, ఎవరిదీ కాని చోట కలపండి.

తిండిలో మన ఇళ్లలో జరిగే లోపం పెరుగన్నంతో సరిపెట్టడం. పెరుగన్నం చెడ్డది కాదు, కానీ అదొక్కటే పెడితే కండ పట్టదు. ఉడికించిన చికెన్, గుడ్డు, అన్నం, గుమ్మడి, క్యారెట్ కలిపి పెట్టవచ్చు. ఎదిగే పిల్లకు ఈ తిండిలో కాల్షియం చాలదు కనుక ఎంత చేర్చాలో వైద్యుడిని అడగాలి. షెల్టర్‌లో ఏం తినేదో తెలుసుకుని వారం రోజుల మీద కొంచెం కొంచెంగా మార్చండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి, అంటే మిగిలిన సాంబారు, బిర్యానీ, కూర ఏదీ పెట్టకూడదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషంతో సమానం. పాయసంలో కిస్‌మిస్ ఉంటుందన్నది పండుగ పూట గుర్తుంచుకోండి. ఉడికిన కోడి ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది.

ఎండాకాలంలో ఉదయం ఏడు లోపు, పొద్దు గుంకాక మాత్రమే తిప్పండి. చేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు రోడ్డు మీద ఆనించి ఉంచలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలను కాలుస్తుంది.

కుక్క పన్ను దిగినా, గోటితో గీరి రక్తం కనిపించినా, టీకా వేయించాం కదా అని ఊరుకోకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపు, సున్నం, కారం ఏవీ పూయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. వేళకు, పూర్తిగా చేయించుకున్న చికిత్స మాత్రం దాదాపు ఎప్పుడూ కాపాడుతుంది.

ఇమడకపోతే

నిజాయితీగా ప్రయత్నించినా కొన్ని కుక్కలు కొన్ని ఇళ్లలో ఇమడవు. అప్పుడు చేయవలసినది షెల్టర్‌కు ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పి, వారు సూచించిన రోజున తిరిగి అప్పగించడం. మీరు చెప్పే వివరాల వల్లే దానికి తరువాతి ఇల్లు సరైనది దొరుకుతుంది. ఊరి చివర వదిలిరావడం 1960 చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి నేరానికి జరిమానా ఇప్పటికీ పది నుంచి యాభై రూపాయలే ఉండడం సిగ్గుపడవలసిన విషయం, కానీ ఇంటి తిండికి అలవాటుపడ్డ కుక్కను తెలియని వీధి కుక్కల మధ్య వదిలితే అది ఎక్కువ రోజులు బతకదు.

నిలదొక్కుకున్న కుక్కకు మాత్రం పురపాలక సంస్థ లైసెన్సు తీసుకుని, మెడపట్టీకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల తగిలించి, వీలైతే మైక్రోచిప్ వేయించండి. రేబిస్ టీకా తేదీ మరిచిపోయే భయం ఉంటే జూలై 6ను గుర్తుపెట్టుకోండి. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ మొదటిసారి మనిషికి రేబిస్ టీకా ఇచ్చినందుకు ఆ రోజును జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినంగా పాటిస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలలు ఆ సందర్భంగా పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తాయి. ఉదయాన్నే రద్దీ ఎక్కువగా ఉంటుంది కనుక ఇతర కుక్కలను చూసి బెదిరేదైతే కారులోనే ఉంచి, వంతు వచ్చాక లోపలికి తీసుకువెళ్లండి. టీకాల కార్డు మరవకండి.